20 గ్రో బ్యాగులకి ఏ టమాటా రకాలు? గుంటూరు మిద్దె మీది నుంచి నా సమాధానం

మీరు అడిగింది ఇదీ: విజయవాడ పటమటలో మూడో అంతస్తు మిద్దె, 20 గ్రో బ్యాగులు. పోయిన ఫిబ్రవరిలో నాటిన టమాటా మొక్కలన్నీ ఆకు ముడతతో పోయాయి. ఈసారి ఆన్‌లైన్‌లో నల్లవి, పసుపువి, చారలవి చూసి ఎనిమిది రకాల విత్తనాలు కార్ట్‌లో పెట్టారు. ఇంట్లోవాళ్ళేమో పప్పులోకి నాలుగు పుల్లటి కాయలు వస్తే చాలంటున్నారు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి, విత్తనం ఎప్పుడు వేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. 8 సంచుల్లో అర్క రక్షక్, 7 సంచుల్లో పి.కె.ఎం.-1, 3 సంచుల్లో చెర్రీ టమాటా, మిగిలిన 2 మీ సరదాకి. విత్తనం హస్త, చిత్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు 20 లోపు ట్రేలో వేయండి. దీపావళి అటూ ఇటూగా సంచుల్లోకి మార్చండి. సంక్రాంతి ముగ్గుల నాటికి మొదటి కాయలు ఎర్రబడతాయి. కార్ట్‌లో ఉన్న ఎనిమిదింటిలో ఆరు తీసేయండి. ఏ ఆరో కింద చెబుతాను.

నాది గుంటూరు, బ్రాడీపేట. పదమూడేళ్ళుగా మిద్దె తోట. అంతకు ముందు మా నాన్నగారి పొలంలో మిర్చి నారుమళ్ళ దగ్గర పెరిగినదాన్ని కాబట్టి ఆకు ముడత అంటే ఏంటో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఏటా మా వీధిలో వాళ్ళకి కూడా నారు పోసి ఇస్తుంటాను. వేసిన ప్రతి రకమూ, అది వేసిన తేదీ, మొదటి కాయ కోసిన తేదీ ఒక పాత డైరీలో రాసి పెట్టుకుంటాను. కింద చెప్పే సొంత లెక్కలన్నీ ఆ డైరీలోవే.

నెల ముందు, రకం తర్వాత

మీ ఫిబ్రవరి మొక్కలు పోయింది రకం చెడ్డదై కాదేమో. ఫిబ్రవరిలో లేత మొక్క నాటడమంటే తెల్లదోమ బాగా పెరిగే రోజుల్లో దానికి విస్తరి వేసి పిలిచినట్టే. ఆకు ముడత వైరస్‌ని మొక్క నుంచి మొక్కకి మోసేది ఆ తెల్లదోమే. ఎండ ముదిరేకొద్దీ దాని సంతతి పెరుగుతుంది. చుట్టుపక్కల పొలాల్లో పత్తి, మిర్చి, వంగ, బెండ ఏదున్నా దాని మీద బతుకుతుంది, అక్కడ పంట అయిపోగానే పచ్చగా కనిపించిన చోటికల్లా వస్తుంది. మూడో అంతస్తు దానికొక ఎత్తు కాదు.

నాటిన మొదటి నెలలో వైరస్ పట్టిన మొక్కకీ, కాపు మొదలయ్యాక పట్టిన మొక్కకీ చాలా తేడా ఉంటుంది. మొదటిది గిడసబారి అక్కడే ఆగిపోతుంది, పూసినా కాయ నిలవదు. రెండోది పైన కొత్త ఆకులు ముడుచుకున్నా కింద ఉన్న గుత్తుల్ని చాలావరకు పండించి ఇస్తుంది. అక్టోబరు నారు నాకు ఇష్టం కావడానికి సగం కారణం ఇదే. తెల్లదోమ ఉధృతి పెరిగే సరికి మన మొక్క నడుమెత్తు దాటి గుత్తుల మీద ఉంటుంది.

మిగతా సగం కారణం రాత్రి చల్లదనం. టమాటాకి పూత కాయగా మారాలంటే రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంటే హాయి. పగలు 35 దాటి, రాత్రి కూడా 25 కంటే దిగకపోతే పుప్పొడి సరిగ్గా తయారవదు, పూలు కాడతో సహా రాలిపోతాయి. విజయవాడలో ఏప్రిల్, మే రాత్రులు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు కదా, మిద్దె గచ్చు పదింటికి కూడా కాలుతూనే ఉంటుంది. ఇంకో సంగతి, కాయకి ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ 30, 32 డిగ్రీలు దాటితే సరిగ్గా తయారుకాదు. అందుకే వేసవి కాయలు నారింజ రంగులో ఆగిపోతాయి, తొడిమ చుట్టూ పసుపు పచ్చగా గట్టిగా ఉండిపోతాయి. అది జబ్బు కాదు, మందు కొట్టకండి.

జూన్, జులైలో వేయకూడదా అని చాలామంది అడుగుతారు. వేయొచ్చు. 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటినప్పుడు మా వీధి వీధంతా టమాటా వేసింది. వానాకాలంలో ఆకుమచ్చ, వేరు కుళ్ళు, కాయలు పగలడం ఇవన్నీ వెంటపడతాయి. పొలంలో రైతుకి ధర వస్తుంది కాబట్టి ఆ కష్టం పడతాడు. మిద్దె మీద మొదటి ఏడాదో రెండో ఏడాదో చేసేవాళ్ళకి అక్టోబరు పంటతో మొదలుపెట్టమనే చెబుతాను.

అర్క రక్షక్ ఎందుకు

ఇది బెంగళూరులోని ఐఐహెచ్ఆర్, అంటే భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ హైబ్రిడ్. ఆకు ముడత, బాక్టీరియా ఎండు తెగులు, మొదట్లో వచ్చే ఆకుమచ్చ తెగులు, ఈ మూడింటినీ తట్టుకునేలా తయారుచేశారు. కాయ ఒక్కోటి 80, 90 గ్రాములు తూగుతుంది, గుండ్రంగా కాస్త నలుచదరంగా ఉంటుంది, తోలు గట్టి. ఇదే ఇంటి పేరుతో అర్క సామ్రాట్ ఉంది, కాయ కొంచెం పెద్దది. తర్వాత వచ్చిన అర్క అభేద్ పై మూడింటితో పాటు చలి తేమకి వచ్చే లేట్ బ్లైట్‌ని కూడా తట్టుకుంటుంది. మూడింట్లో ఏది దొరికితే అది తీసుకోండి, మిద్దె మీద నాకు పెద్ద తేడా కనిపించలేదు.

కర్ణాటకలో ఒక రైతు పొలంలో అర్క రక్షక్ ఒక్క మొక్కకి 19 కిలోలు కాసిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ అంకె చూసి సంచులు కొనకండి. అది నేలలో, డ్రిప్పు మీద, ఎరువులు లెక్కగా ఇచ్చిన మొక్క. నా 15 అంగుళాల సంచిలో బాగా వచ్చిన ఏడాది మొక్కకి నాలుగు కిలోలు, మామూలుగా మూడు. ఎనిమిది మొక్కలంటే సీజన్ మొత్తం మీద పాతిక కిలోల లెక్క. ఒక ఇంటికి అది తక్కువేమీ కాదు.

తట్టుకుంటుంది అంటే అసలు రాదు అని కాదు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మా పక్కింటివాళ్ళు రక్షక్ వేశాం కదా అని నారు మీద వల కప్పలేదు, పసుపు అట్టలు పెట్టలేదు. డిసెంబరులో మూడు మొక్కలకి పై ఆకులు ముడుచుకున్నాయి. కాపు వచ్చింది కానీ కాయ చిన్నదైంది. అదే తీరులో వల, అట్టలు లేకుండా పెంచిన పి.కె.ఎం. మొక్కలు మాత్రం పీకేయాల్సి వచ్చింది. తేడా అంతవరకే.

పైగా మన గుంటూరు, పల్నాడు వైపు ఇంకో తలనొప్పి ఉంది. తామర పురుగులు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోటల్ని ఎలా తినేసిందో మీకూ గుర్తుండే ఉంటుంది. టమాటాలో తామర పురుగులు మోసుకొచ్చే వైరస్ వేరే. లేత ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు పడి మొవ్వు ఎండిపోతుంది, పండిన కాయ మీద ఉంగరాల్లాంటి పసుపు వలయాలు కనిపిస్తాయి. దీనికి అర్క రక్షక్ పేరులోని రక్షణ పనిచేయదు. కనిపించిన మొక్కని వెంటనే పీకి కవర్లో కట్టి పారేయడమే.

మరి పి.కె.ఎం.-1 ఎందుకు?

పప్పు కోసం. హైబ్రిడ్ కాయ లారీ ప్రయాణం కోసం పుట్టింది. తోలు మందం, కండ ఎక్కువ, రసం తక్కువ, పులుపు ఇంకా తక్కువ. ఒక కాయని అడ్డంగా కోసి పళ్ళెంలో పెట్టి చూడండి. రక్షక్‌లో రెండు మూడు గదులు, గోడలు మందంగా, గింజల చుట్టూ జిగురు కొంచెమే ఉంటుంది. పి.కె.ఎం. కాయ కోయగానే రసం పళ్ళెంలోకి జారుతుంది, గదులు ఎక్కువ, గింజల చుట్టూ ఆకుపచ్చ జిగురు నిండుగా ఉంటుంది. టమాటా పులుపు, వాసన ఎక్కువగా ఉండేది ఆ జిగురులోనే. రైతుబజారులో మనం 'నాటు టమాటా ఉందా?' అని అడిగేది ఈ రుచి కోసమే.

పి.కె.ఎం. అంటే పెరియకుళం. తమిళనాడులో ఆ ఊళ్ళోని ఉద్యాన కళాశాల నుంచి వచ్చింది, అక్కడి అన్నంజి అనే నాటు రకం నుంచి. కాబట్టి నిజానికి ఇది మన నాటు కాదు, వాళ్ళ నాటు. కాయ బల్లపరుపుగా గుండ్రంగా, తొడిమ చుట్టూ ముదురు ఆకుపచ్చ పట్టీతో ఉంటుంది. ఆ పట్టీ చూసి పండలేదనుకుని వదిలేసేవాళ్ళని చూశాను. నిజానికి అదే దాని అందం. కాయ అంతా ఒకే రంగులో పండాలని దశాబ్దాల పాటు ఎంచుకుంటూ వచ్చిన రకాల్లో, ఆ ఆకుపచ్చ పట్టీనిచ్చే జన్యువు దెబ్బతిందనీ, దాంతో పాటు కాయలో చక్కెర కూడా కొంత తగ్గిందనీ 2012లో శాస్త్రవేత్తలు తేల్చారు. మా అమ్మమ్మది పిఠాపురం వైపు. ఆవిడ టమాటాని చివరి దాకా రామములక్కాయ అనే పిలిచింది, ఆ పచ్చ పట్టీ లేని కాయని మాత్రం 'ఇది బొమ్మ కాయే' అని పక్కన పడేసేది. జన్యువుల గొడవ ఆవిడకి తెలియదు కానీ నాలిక తెలుసు.

ఇంకో మంచి గుణం, ఇది కురచ మొక్క. రెండున్నర, మూడు అడుగులకి ఆగి గుబురుగా పరుచుకుంటుంది. 12 అంగుళాల సంచిలో కూడా సర్దుకుంటుంది. కాపు మాత్రం దాదాపు ఒకేసారి వచ్చేస్తుంది, నెలా నెలన్నరలో అయిపోతుంది. కాబట్టి ఏడు మొక్కలూ ఒకేరోజు నాటొద్దు. నాలుగు ముందు, మూడు ఇరవై రోజుల తర్వాత నాటండి.

లోపం ముందే చెప్పాను, ఆకు ముడతకి ఇది సులువుగా లొంగిపోతుంది. అందుకే ఏడే చెప్పాను, 15 చెప్పలేదు. పూసా రూబీ దొరికితే అదీ ఇలాంటిదే. పుల్లగా, గాడులు గాడులుగా ఉంటుంది, త్వరగా కాస్తుంది, జబ్బు విషయంలో అంతే బలహీనం. అర్క వికాస్ కూడా హైబ్రిడ్ కాని సాధారణ రకమే. కాయ 80 గ్రాముల పైన ఉంటుంది, నీటి ఎద్దడిని కాస్త ఓర్చుకుంటుంది. రోజూ రెండు పూటలా నీళ్ళు పోయడం మీకు కుదరకపోతే పి.కె.ఎం. బదులు ఇది వేయండి.

ఇంట్లో నిల్వ పచ్చడి పెడతారా? ఆ సంగతి మీరు రాయలేదు. పెట్టేటట్టయితే లెక్క మారుతుంది. ముక్కలు ఉప్పు, పసుపులో మూడు రోజులు ఊరాక పిండి ఎండబెడతాం కదా, రసం ఎక్కువ ఉన్న పి.కె.ఎం. ముక్క ఎండేసరికి తోలు, గింజలు మిగులుతాయి. అదే రక్షక్ ముక్క రెండు ఎండలకే వక్కలాగా వస్తుంది, ఊటలో వేసిన చింతపండుతో కలిపి దంచితే పచ్చడికి ఒళ్ళు ఉంటుంది. మా ఇంట్లో పప్పుకీ చారుకీ ఒకటి, పచ్చడికి ఒకటి. ఫిబ్రవరి చివర్లో రెండూ పుష్కలంగా ఉంటాయి, ఎండ కూడా అప్పటికి పచ్చడికి సరిపడా ఉంటుంది.

చెర్రీ మూడే ఎందుకంటే

చెర్రీ మొక్క తీగ. ఆరేడు అడుగులు పోతుంది, పందిరో తాడో కావాలి, 18 అంగుళాల సంచి కావాలి. కాపు మాత్రం ఆగదు. వేడికి పెద్ద కాయల రకాలన్నీ పూత రాల్చుకుంటున్నప్పుడు కూడా ఇది ఏవో నాలుగు గుత్తులు నిలుపుకుంటుంది. నా డైరీలో ఏప్రిల్ నెలాఖరున కూడా కోసిన టమాటా ఏదైనా ఉందంటే అది చెర్రీయే. పిల్లలు మొక్క దగ్గరే తినేస్తారు, వంటింటి దాకా రావు. మూడు మొక్కలు దాటితే ఏం చేయాలో తెలియక పక్కవాళ్ళకి పంచాల్సి వస్తుంది.

ఇక మీ కార్ట్ సంగతి

మీరు రాసిన ఎనిమిదింటిలో చెర్రీ ఒకటి ఉంచండి. మిగతా ఏడింటిలో ఒకే ఒక్కటి, మీకు బాగా ముచ్చటగా అనిపించింది, ఆ రెండు సరదా సంచుల కోసం ఉంచండి. బ్రాండీవైన్, చెరోకీ పర్పుల్, అరకిలో కాయ అని రాసిన బీఫ్‌స్టీక్ ఇలాంటివన్నీ అమెరికా పెరళ్ళలో నిలిచిన పాత రకాలు. రుచి గొప్పదే, అబద్ధం కాదు. కానీ పెద్ద కాయ తయారు కావడానికి రోజులు ఎక్కువ పడతాయి, మనకున్న చల్లటి రాత్రులు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి సగం, అంతే. ఆకు ముడత అంటే ఏంటో వాటి వంశంలో ఎవరికీ తెలియదు, వస్తే తట్టుకోలేవు.

నేనూ ఆ మోజు పడ్డదాన్నే. ఒక ఏడాది ఆరు సంచుల్లో ఊదారంగు టమాటా వేశాను. మొక్కలు చూడ్డానికి ఏనుగు పిల్లల్లా పెరిగాయి. రోజూ పొద్దున్నే పూలు లెక్కపెట్టుకోవడం, సాయంత్రానికి గచ్చు మీద రాలినవి ఊడ్చుకోవడం. సీజన్ అంతా కలిపి ఆరు మొక్కలకి పదకొండు కాయలు. అందులో రెండు ఉడతల పాలు. మిగిలిన వాటిలో ఒకటి కోసి ఉప్పు చల్లుకుని తింటే ఎంత బాగుందంటే, ఇప్పటికీ ఒక సంచి దానికి వదులుతూనే ఉన్నాను. ఒక్క సంచి.

సాన్ మార్జానో అనే పొడుగు కాయ రకం కూడా మీ జాబితాలో ఉంది. సంచిలో దాన్ని వేస్తే కాయ అడుగు నల్లగా తోలులా మారి కుళ్ళడం ఖాయంగా చూస్తారు. పొడుగు కాయలకి ఆ బాధ ఎక్కువ. మొక్కకి కాల్షియం అందకపోవడం వల్ల వస్తుంది, అయితే చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్ళు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ పోయడం వల్ల కాయ దాకా చేరదు. గుడ్డు పెంకుల పొడి వేశాం, అయినా తగ్గలేదు అని చాలామంది వాపోతారు. పెంకు కరగడానికి నెలలు పడుతుంది. ముందు నీళ్ళ వేళ సరిచేయండి.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

బొమ్మ చూడకండి. వెనక వైపు విత్తన పరీక్ష తేదీ, మొలక శాతం చూడండి. విదేశీ ప్యాకెట్ల మీద వి, ఎఫ్, ఎన్, టి అని ఇంగ్లిష్ అక్షరాలు వరసగా ఉంటాయి. వి, ఎఫ్ రెండు రకాల ఎండు తెగుళ్ళు, ఎన్ వేరు బుడిపెలు చేసే నులిపురుగు, టి పొగాకు మొజాయిక్ వైరస్. ఇవన్నీ ఉండి కూడా ఆకు ముడత గురించి ఒక్క ముక్క లేకపోతే మనకి ఆ ప్యాకెట్ సగమే పనికొస్తుంది.

పొగాకు మొజాయిక్ అంటే గుర్తొచ్చింది. పొగాకు బోర్డు ఉన్న ఊరు మాది, ఈ వైరస్ మాకు చుట్టమే. సిగరెట్టో చుట్టో నలిపిన చేత్తో టమాటా పిలకలు తుంచితే ఆ చేతుల మీదుగానే మొక్కకి అంటుకోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా అలవాటు ఉంటే మిద్దె ఎక్కే ముందు సబ్బుతో చేతులు కడుక్కోమనండి. మానమని చెప్పడం కంటే ఇది సులువు.

నారు కొనడమా, విత్తనమా అని కూడా అడిగారు. 20 సంచులకి విత్తనం ఎంతో అక్కర్లేదు, గ్రాములో దాదాపు 300 గింజలు ఉంటాయి. ఐఐహెచ్ఆర్ వాళ్ళు విత్తనాలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, అర్క రకాలు అక్కడే తీసుకోండి. నారు కొనడంలో ఒక చిక్కు ఉంది. ఒక నర్సరీలో రక్షక్ అని చెప్పి ఇచ్చిన నారు తెచ్చి మా వీధిలో నలుగురికి పంచాను, కాయ పట్టాక చూస్తే గోళీ సైజు. ఆ నలుగురికీ ఏడాది పాటు సమాధానం చెప్పుకున్నాను. నారు దశలో ఏ టమాటా ఏదో ఎవరూ పోల్చలేరు.

ప్రోట్రేలో కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపి గడికి ఒక గింజ వేయండి. వారంలో మొలుస్తాయి, 25 నుంచి 30 రోజులకి నాటొచ్చు. మొలిచిన రోజు నుంచి నాటే రోజు దాకా నారు మీద వల కప్పి ఉంచాలి, మామూలు దోమతెర సరిపోదు. నేను రెండేళ్ళు పాత దోమతెర కప్పి నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు తెర ఎత్తి ఆకు తిరగేస్తే కింద తెల్లగా నాలుగు పొడి రేణువులు, ఊదితే ఎగిరాయి. దోమ కంటే తెల్లదోమ చాలా చిన్నది, ఆ కంతల్లోంచి దర్జాగా వెళ్ళొస్తుంది. 40 మెష్ నైలాన్ వల అని అడిగి తెచ్చుకోండి. నాటాక రెండు సంచులకి ఒక పసుపు జిగురు అట్ట మొక్క తల ఎత్తులో కట్టండి. పది రోజులకోసారి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి.

పి.కె.ఎం. విత్తనం వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. టమాటా తన పుప్పొడితో తనే కాయ కడుతుంది కాబట్టి రకం దాదాపు మారదు. బాగా పండిన కాయ గింజల్ని జిగురుతో సహా గ్లాసులో రెండు రోజులు పులవనిచ్చి కడిగి నీడన ఆరబెట్టండి. రక్షక్ గింజ దాచొద్దు. హైబ్రిడ్ పిల్లలు తల్లిలా రావు, జబ్బుని తట్టుకునే గుణం ఏ మొక్కకి వచ్చిందో ఏ మొక్కకి రాలేదో కూడా చెప్పలేం.

పోయిన ఏడాది మట్టి

ఇదొక్కటి మీరు రాయలేదు కానీ అడగాలి. పాత సంచుల్లో మట్టి అదేనా? అందులో ముందు వంగ గానీ మిర్చి గానీ ఉన్నాయా? ఇవన్నీ ఒకే కుటుంబం, ఒకదాని జబ్బు మట్టిలో ఉండి ఇంకోదానికి వస్తుంది. మొక్క పచ్చగా ఉండగానే మధ్యాహ్నం తల వాల్చి, రెండు మూడు రోజుల్లో మొత్తం వడలిపోతే ఒక పని చేయండి. మొక్క మొదలు దగ్గర కాండం నాలుగు అంగుళాల ముక్క కోసి గాజు గ్లాసులో నీళ్ళు పోసి అంచున నిలబెట్టండి, కోసిన కొన నీళ్ళలో మునిగేట్టు. రెండు నిమిషాల్లో పాలదారంలా తెల్లటి పోగు కిందకి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ సంచి మట్టిలో మళ్ళీ టమాటా వేయొద్దు, తోటకూరో గోంగూరో వేసుకోండి. పోగు రాకపోతే వేరు కుళ్ళో నులిపురుగో, వేరు పీకి చూడాలి.

గాలి గురించి కూడా ఒక మాట. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా మిద్దె మీద పందిరికి కట్టిన చెర్రీ తీగలన్నీ కర్రలతో సహా పడిపోయాయి. రక్షక్‌లో సగం కొమ్మలు విరిగాయి. గోడ పక్కన ఉన్న పి.కె.ఎం. కురచ మొక్కలు ఆకులు చిరిగినా నిలబడ్డాయి. తుఫాన్ల నెలలూ మన టమాటా నెలలూ ఒకటే కాబట్టి అన్ని సంచులూ ఎత్తు పెరిగే రకాలతో నింపొద్దని అప్పటి నుంచి చెబుతున్నాను. మీది మూడో అంతస్తు, గాలి ఇంకా ఎక్కువ. ఊతకర్ర నాటే రోజే పాతండి, తర్వాత పాతితే వేళ్ళు తెగుతాయి.

ఒకవేళ అక్టోబరు దాటిపోతే? నవంబరు 15 లోపు నారు పోసినా ఫర్వాలేదు, చెర్రీ ఒక సంచి పెంచి పి.కె.ఎం. ఒకటి తగ్గించండి. ఆ తర్వాత అయితే రక్షక్, చెర్రీ మాత్రమే వేయండి. జనవరి నారుకి మార్చి చివర్లో 50 శాతం గ్రీన్ నెట్ తప్పదు, అప్పుడు కూడా పూత సగం రాలుతుందని ముందే ఒప్పుకుని వేయండి. పొద్దున తొమ్మిది, పది మధ్య పూల గుత్తి కాడ మీద వేలితో మెల్లగా తడితే పుప్పొడి రాలి కాయ కట్టడం కొంచెం మెరుగవుతుంది. ఫోను వైబ్రేషన్లో పెట్టి ఆనించేవాళ్ళూ ఉన్నారు, నేను వేలితోనే కానిస్తాను.

సంచులు ఎన్ని అంగుళాలవో, పడమర ఎండకి అడ్డంగా పక్క బిల్డింగ్ ఏదైనా ఉందో, నీళ్ళు కృష్ణా నీళ్ళో బోరు నీళ్ళో రాయండి. బోరు ఉప్పు నీళ్ళయితే ఎరువుల లెక్క వేరేగా చెప్పాలి. ఎనిమిది రకాల్లో మీరు ఉంచుకున్నది ఏదో కూడా చెప్పండి, ఆ నల్లది మాత్రం కాదనుకుంటున్నాను.